సెర్బో-క్రొయేషియన్ ఊళ్ల పేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సెర్బో-క్రొయేషియన్ అంటే ఏ భాష? ఇప్పుడు ఆ పేరుతో భాష ఉందా?

యుగోస్లావియా ఉన్నన్నాళ్లూ సెర్బియా, క్రొయేషియా, బోస్నియా-హెర్జెగోవినా, మాంటెనెగ్రోల్లో బడుల్లోనూ ఆఫీసుల్లోనూ నడిచిన భాషకు అది పేరు. 1990లలో దేశం ముక్కలయ్యాక సెర్బియన్, క్రొయేషియన్, బోస్నియన్, మాంటెనెగ్రిన్ అని నాలుగు అధికార భాషలయ్యాయి. ఒకచోటి మనిషి మాట్లాడితే మిగతా మూడుచోట్లా ఇబ్బంది లేకుండా అర్థమవుతుంది. ఊళ్లకు పేర్లు కట్టే పద్ధతి నాలుగింటిలోనూ ఒకటే కాబట్టి ఇక్కడ ఆ ఉమ్మడి పేరే వాడుతున్నాను. ఆ ప్రాంతపు స్నేహితులతో మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్లు తమ భాషను ఏమంటే మీరూ అదే అనండి. వాళ్లకది చిన్న విషయం కాదు.

ఈ పేర్లను ఎలా పలకాలి?

ఇంగ్లిష్ చదివినట్టు చదివితే సగం పేర్లు తప్పుతాయి. లాటిన్ లిపిలోని 'జె' అక్షరాన్ని వాళ్లు 'య' అని పలుకుతారు. అందుకే మనం సారాజెవో అని చదివే ఊరు అక్కడివాళ్ల నోట సరాయెవో. 'సి' అక్షరం కనిపిస్తే అది స కాదు, క కాదు, త్స. తెలుగువాళ్లకు ఇది కష్టమేమీ కాదు. చాప, చుక్క, చోటు అన్నప్పుడు మన నోట పలికే దంత్య చకారమే అది, పాత పుస్తకాల్లో ౘ అని అచ్చువేసినది. కాబట్టి మాంటెనెగ్రో రాజధాని పోడ్గోరికా కాదు, పోద్గోరిత్స. అలాగే ట, డ అనకుండా త, ద అనండి: గ్రాడ్ కాదు, గ్రాద్. తెలుగులో స్థిరపడిపోయిన బెల్‌గ్రేడ్, మాంటెనెగ్రో వంటి పేర్లను అలాగే ఉంచి, మిగతావాటిని అక్కడి పలుకుబడికి దగ్గరగా రాస్తున్నాను.

బెల్‌గ్రేడ్ అంటే ఏమిటి?

తెల్లకోట. అక్కడివాళ్లు బెఓగ్రాద్ అంటారు. బెఓ అంటే తెల్లని, గ్రాద్ అంటే ఇప్పటి వాడుకలో నగరం, పూర్వం కోట. సావా నది డాన్యూబ్‌లో కలిసేచోట సున్నపురాతి గుట్ట మీద కట్టిన కోట అది. నదిలో పడవల మీద వచ్చేవాళ్లకు దూరం నుంచే తెల్లగా కనిపించేది.

ఈ ఊరికి స్లావులు (ఈ భాష తెచ్చిన జనం) రాకముందే పేరుంది. కెల్ట్ జాతులవాళ్లు, ఆ తరువాత రోమన్లు సింగిదూనుమ్ అన్నారు. అందులోని 'దూనుమ్' కూడా కెల్టిక్ భాషల్లో కోటే. స్లావిక్ పేరు మొదటిసారి కాగితం మీద కనిపించేది 878లో, పోప్ ఎనిమిదో జాన్ బల్గేరియా పాలకుడు బోరిస్‌కు రాసిన లేఖలో. హంగేరియన్లు నాందోర్‌ఫెహెర్వార్ అన్నారు. ఫెహెర్ అంటే తెలుపు, వార్ అంటే కోట. పాలకులు మారినా తెలుపూ పోలేదు, కోటా పోలేదు.

మరి ప్రపంచమంతా 'బెల్' అంటుంటే వాళ్లు 'బెఓ' అని ఎందుకంటారు? పాత రూపం 'బెల్' అనే. మధ్యయుగాల చివర్లో ఆ భాషలో అక్షరం చివరి ల్ శబ్దం ఓగా మారింది. బయటివాళ్లు అంతకుముందే పట్టుకున్న పేరునే ఇప్పటికీ పలుకుతున్నారు. ఇదే పేరు ఇంకా చాలాచోట్ల ఉంది. క్రొయేషియా తీరంలో బియోగ్రాద్ నా మోరు (సముద్రపు ఒడ్డు తెల్లకోట), రష్యాలో బెల్గొరోద్, అల్బేనియాలో బెరాత్, అన్నీ ఈ కుటుంబమే.

ఈ 'గ్రాద్', సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న 'గృహం', రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి పుట్టినవని భాషాశాస్త్రం చెబుతుంది. చుట్టూ కంచె వేసిన జాగా అనేది మూలార్థం.

మాంటెనెగ్రో అన్నది స్లావిక్ పేరులా లేదే?

కాదు మరి. అది వెనిస్‌వాళ్లు చేసిన అనువాదం. సొంత పేరు త్స్‌ర్నా గోరా, అంటే నల్లకొండ. దట్టమైన అడవితో చీకటిగా కనిపించే కొండలని ఆ పేరు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు ఇదే. త్స్‌ర్నా (నల్లని) అనే మాటకూ సంస్కృతంలోని 'కృష్ణ' శబ్దానికీ మూలం ఒకటే. గోరాకూ 'గిరి'కీ కూడా మూలం ఒకటే. అంటే త్స్‌ర్నా గోరాను ముక్కకు ముక్క పెడితే కృష్ణగిరి. హోసూరు వైపు తెలుగువాళ్లు ఎందరో ఉండే తమిళనాడు జిల్లా పేరు, ఏడ్రియాటిక్ ఒడ్డున ఒక దేశం పేరు, వేల ఏళ్ల కింద విడిపోయిన రెండు భాషల్లో అవే రెండు ధాతువులతో వేరువేరుగా పుట్టాయి. ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్నది కాదు. నల్లకొండను చూసి నల్లకొండ అన్నారు, అంతే.

రాజధాని పోద్గోరిత్సలో కూడా ఆ గోరాయే ఉంది. పోద్ అంటే కింద, గోరిత్స అంటే చిన్న గుట్ట. గుట్ట కింది ఊరు. ఆ గుట్టను ఇప్పటికీ గోరిత్స అనే పిలుస్తారు.

పేర్ల చివర వచ్చే ఒవో, ఎవో, ఇత్స, అత్స్, ఒవ్త్సి ఏమిటి?

ఒవో, ఎవో, ఒవా అనేవి షష్ఠీ విభక్తి పని చేస్తాయి. 'యొక్క' అన్నమాట. క్రాల్య్ అంటే రాజు, క్రాల్యెవో అంటే రాజుది. కోస్ అంటే నల్లగా ఉండే ఒక పాటల పిట్ట, కోసోవో అంటే ఆ పిట్టలది. 1389 యుద్ధంతో ప్రసిద్ధికెక్కిన కోసోవో పోల్యె అంటే ఆ పిట్టల మైదానం. హంగేరియన్, జర్మన్ భాషలవాళ్లు కూడా దాన్ని తమ తమ మాటల్లో పిట్టల మైదానం అనే పిలుచుకున్నారు. న్యూ బెల్‌గ్రేడ్‌లో నెహ్రూఓవా అని ఒక వీధి ఉంది. 1961లో అలీన దేశాల మొదటి శిఖరాగ్ర సభ జరిగిన నగరం కదా. ఆ పేరులోని 'ఓవా' కూడా ఇదే, నెహ్రూ వీధి అని.

ఇత్స చిన్నదనాన్ని చెబుతుంది, చాలాసార్లు నదుల పేర్లకూ చేరుతుంది. ఒవ్త్సి, ఇన్త్సి అనేవి బహువచనాలు, ఫలానా మనిషి తాలూకు జనం ఉండే ఊరని. ఇక అత్స్, నిక్, ఇష్తె వంటివి 'ఫలానా వస్తువు ఉండే చోటు' అని చెబుతాయి.

ఇన్ని పేర్లలో చెట్లు ఎందుకు కనిపిస్తాయి?

స్లావులు ఆరు, ఏడు శతాబ్దాల్లో ఇక్కడికి వచ్చేసరికి చాలా భాగం అడవే. అడవి నరికి, కనిపించిన చెట్టు పేరే ఊరికి పెట్టుకున్నారు. లెస్కా (హేజెల్ కాయల పొద) నుంచి లెస్కోవత్స్, వ్ర్బా (విల్లో) నుంచి వ్ర్బాస్ నది, ఓరహ్ (అక్రోట్) నుంచి ఓరహోవిత్స. బోర్ అనే గని పట్టణం పేరుకు పైన్ చెట్టు అని అర్థం. షుమ అంటే అడవి, సెర్బియా నడిబొడ్డున ఉన్న ప్రాంతం పేరు షుమాదియా.

దుబ్రోవ్నిక్ కూడా చెట్ల పేరే. దుబ్రవా అంటే ఓక్ చెట్ల తోపు. అయితే పక్కన సముద్రపు రాతి మీద లాటిన్ మాట్లాడేవాళ్ల పట్టణం ఒకటి ఉండేది, రగూసా. ఆ పట్టణమూ, కొండవైపు స్లావుల తోపూ కలిసి ఒకే నగరమయ్యాయి. పేర్లు మాత్రం రెండూ నిలిచాయి. అధికారిక కాగితాల్లో 1918 దాకా రగూసా అనే రాశారు.

స్ప్లిట్ నగరం పేరు ప్యాలెస్ నుంచి వచ్చిందంటారు, నిజమేనా?

కాదు. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రీ.శ. 305 ప్రాంతంలో విశ్రాంత జీవితం కోసం అక్కడ ప్యాలెస్ కట్టించుకున్నమాట నిజం. పదో శతాబ్దంలో బైజాంటిన్ చక్రవర్తి కాన్‌స్టాంటిన్ పోర్ఫిరోజెనిటస్ కూడా ఆ పేరుకు 'చిన్న ప్యాలెస్' అనే అర్థం రాశాడు. కానీ ప్యాలెస్ కన్నా ముందే అక్కడ అస్పలాథోస్ అనే గ్రీకు స్థావరం పేరుంది. అది పసుపుపచ్చ పూలు పూసే ఒక ముళ్లపొద పేరు. అస్పలాథోస్ లాటిన్‌లో స్పలాతుమ్ అయి, స్లావుల నోట స్ప్లిట్ అయింది.

తీరం పొడుగునా ఉన్న పేర్లు వేరేగా ఉంటాయెందుకు?

అక్కడ గ్రీకులు, ఇల్లీరియన్లు (ఆ ప్రాంతపు ప్రాచీన జాతులవాళ్లు), రోమన్లు ముందే ఊళ్లు కట్టుకున్నారు. స్లావులు ఆ పేర్లను విని తమ నోటికి అనువుగా మార్చుకున్నారు. క్రీ.పూ. 384లో గ్రీకు దీవి పారోస్ నుంచి వచ్చినవాళ్లు ఫారోస్ అనే వలస కట్టారు. అదే ఇప్పటి హ్వార్ దీవి పేరు. ఇస్సా విస్ అయింది, ఇయాదెర జాదర్ అయింది. లాటిన్‌లో నగరం అనే అర్థమున్న కివితాస్ నుంచి ఒక చిన్న పట్టణానికి త్సవ్తత్ అని పేరొచ్చింది.

వీటిలో ముచ్చటగొలిపేవి క్రైస్తవ సాధువుల పేర్లు. లాటిన్‌లో 'పవిత్ర' అనే అర్థమిచ్చే సాంక్తుస్ అనే మాట స్లావుల నోట సుత్, సు, స్తో అని ముక్కలైంది. బ్రాచ్ దీవిలో సుతివన్ ఉంది, పవిత్ర ఇవాన్. పక్కనే సుపెతర్, పవిత్ర పీటర్. స్ప్లిట్ దగ్గర స్తోబ్రెచ్, పవిత్ర లారెన్స్. మాంటెనెగ్రోలో సుతోమోరె అనే బీచ్ పట్టణముంది. అక్కడి భాషలో మోరె అంటే సముద్రం. పేరు చూడగానే సముద్రానికి సంబంధించినదేనని ఎవరైనా అనుకుంటారు, ఊరు కూడా సముద్రం ఒడ్డునే ఉందాయె. కానీ అది సాంక్తా మరియా, పవిత్ర మేరీ. వెయ్యేళ్ల కిందటి లాటిన్ ప్రార్థనలోని మాటలు ఈతకు వచ్చే జనం నాలుకల మీద రోజూ పలుకుతున్నాయి.

బోస్నియా పేర్లలో మనకు తెలిసిన మాటలు వినిపిస్తాయే, ఎలా?

ఒట్టోమన్ టర్కులతో పాటు పర్షియన్, అరబిక్ మాటలు బాల్కన్లకు వెళ్లాయి. అవే మాటలు దక్కన్ సుల్తానులతోనూ, మొఘలులతోనూ, నిజాములతోనూ మన దగ్గరికొచ్చాయి. అందుకే హైదరాబాద్ మనిషికి ఆ మ్యాప్ సగం చదవగలిగినట్టే ఉంటుంది.

బెల్‌గ్రేడ్ కోట ఉన్న పార్కు పేరు కలెమెగ్దాన్. కలె అంటే మన ఖిల్లా, మెగ్దాన్ అంటే మన మైదానం. నోవి పజార్ అంటే కొత్త బజారు. బోస్నియాలో గోర్న్యి వకుఫ్, దోన్యి వకుఫ్ అని రెండు పట్టణాలున్నాయి, పై వక్ఫ్, కింది వక్ఫ్. వక్ఫ్ ఆస్తుల చుట్టూ పెరిగిన ఊళ్లవి. పేటలను మహలా అంటారు, మన మొహల్లాయే.

సరాయెవో పేరు టర్కిష్ 'సరాయ్' నుంచి వచ్చింది. మనకు సరాయ్ అంటే బాటసారుల సత్రం, టర్కిష్‌లో రాజభవనం. పదిహేనో శతాబ్దంలో ఒట్టోమన్ అధికారి ఈసా-బేగ్ ఇషాకోవిచ్ అక్కడ భవనం కట్టించాడు. దాని చుట్టూ ఉన్న మైదానం సరాయ్ ఒవాసి. దాని నుంచి సరాయెవో. నోవి పజార్ కట్టించిందీ ఆయనే. సరాయెవో పాతబస్తీలోని ప్రసిద్ధ బజారు పేరు బష్‌చర్షియా. బష్ అంటే టర్కిష్‌లో తల, చర్షియా అనేది పర్షియన్ 'చహార్-సూ' నుంచి వచ్చింది, నాలుగు దిక్కులు కలిసే చోటని. ఆ చహార్ మన చార్మినార్‌లోని చారే.

తూజ్లా కథ ఇంకో రకం. మధ్యయుగంలో ఆ ప్రాంతం పేరు సోలి, అక్కడి భాషలో సోల్ అంటే ఉప్పు. టర్కులు వచ్చి దాన్ని తమ భాషలోకి మార్చారు. తూజ్ అంటే టర్కిష్‌లో ఉప్పు, తూజ్లా ఉప్పు దొరికే చోటు. ఆ పేరు అబద్ధం కాదు. నేల కింది ఉప్పునీళ్లు తోడీ తోడీ ఇరవయ్యో శతాబ్దంలో ఊరి నడిబొడ్డే కుంగిపోయింది.

మొస్తార్ మాత్రం టర్కిష్ కాదు. మోస్ట్ అంటే వంతెన, మొస్తారి అంటే వంతెన కాపలాదార్లు. అందరూ ఫొటోల్లో చూసే రాతి వంతెన 1566లో పూర్తయింది, కానీ ఊరి పేరు అంతకన్నా పాతది. అంతకుముందు అక్కడ వేరే వంతెన ఉండేది. ఆ రాతి వంతెనను 1993 నవంబరు 9న యుద్ధంలో కూల్చేశారు, 2004లో మళ్లీ కట్టారు.

హెర్జెగోవినా, వోయ్‌వోదినా పేర్లకు సంబంధం ఉందా?

ఉంది. వినడానికి ఎక్కడా పోలిక లేదు గానీ రెండింటి అర్థం ఒకటే. 1448లో స్త్యెపాన్ వుక్చిచ్ కొసాచ అనే ప్రభువు హెర్త్సెగ్ అనే బిరుదు పెట్టుకున్నాడు. అది జర్మన్ హెర్త్సోగ్, హంగేరియన్ల ద్వారా వచ్చింది. ఆయన నేల హెర్త్సెగోవినా, మనం హెర్జెగోవినా అంటున్నాం. సెర్బియా ఉత్తర ప్రాంతం పేరైన వోయ్‌వోదినాలో ఉన్నది స్లావిక్ బిరుదు వోయ్‌వోదా. ఆ రెండు బిరుదుల్నీ విడదీసి చూడండి. జర్మన్ మాటలో సైన్యం, నడిపించడం ఉన్నాయి. స్లావిక్ మాటలోనూ సైన్యం, నడిపించడమే ఉన్నాయి. రెండూ సేనాని నేలలే. 1848లో హబ్స్‌బర్గ్ సామ్రాజ్యంలోని సెర్బులు తమకో వోయ్‌వోదినా కావాలని ప్రకటించుకున్నప్పటి నుంచి ఆ పేరు రాజకీయంగా నిలబడింది.

జాగ్రెబ్ పేరు వెనక ఉన్న నీళ్ల కథ నిజమా?

జాగ్రెబ్ క్రొయేషియా రాజధాని. దాహంతో వచ్చిన ఒక అధిపతి బావి దగ్గరున్న మందా అనే అమ్మాయిని "జగ్రబి" అని అడిగాడట, అంటే నీళ్లు ముంచి ఇవ్వమని. అందుకే ఊరు జాగ్రెబ్, అక్కడి నీటిబుగ్గ మందుషెవత్స్ అని చెబుతారు. ఆ ఫౌంటెన్ నగరం ప్రధాన కూడలిలో ఇప్పటికీ ఉంది. కథ చక్కగా ఉంది కానీ పేరు ఆ కథ నుంచి పుట్టలేదు. 1094లో అక్కడ బిషప్ పీఠం ఏర్పడిన నాటికే ఈ పేరుంది. పండితుల వివరణలు ఎక్కువగా తవ్వడం, గట్టు, కొండ వెనక అనే అర్థాల చుట్టూ తిరుగుతాయి.

ఇలాంటి కథలు చాలా పేర్లకున్నాయి. వుకోవర్ అంటే తోడేలు కోట అనుకుంటారు, ఎందుకంటే వుక్ అంటే తోడేలు. నిజానికి అది వుకా అనే నది పేరు, రోమన్ల కాలంలో ఉల్కా. దానికి హంగేరియన్ 'వార్' చేరింది. బాన్యా లూకాను 'స్నానాల రేవు' అని అనువదించేవాళ్లున్నారు. అక్కడ ఉన్నది బాన్ అనే పాలకుడి బిరుదు. లూకా అంటే ఇప్పుడు రేవు గానీ, పాత భాషలో నది ఒడ్డు పచ్చిక. బాన్ గారి పచ్చిక అన్నమాట. బ్రోద్ కూడా ఇంతే, ఇప్పుడు ఓడ అనే అర్థంలో వాడుతున్నారు. సావా మీదున్న స్లావోన్స్కి బ్రోద్ ఓడల ఊరు కాదు, ఏరు దాటే చోటు.

ఒకే ఊరికి మూడు నాలుగు పేర్లు ఎందుకు?

ఒకే వీధిలో మూడు నాలుగు భాషలు ఉండేవి కాబట్టి. నోవి సాద్ అంటే కొత్త తోట. 1748లో హబ్స్‌బర్గ్ రాణి మరియా థెరీసా దానికి స్వతంత్ర నగర హోదా ఇచ్చినప్పుడు లాటిన్‌లో నియోప్లాంటా అని పేరు పెట్టారు. హంగేరియన్లకు అది ఉయ్‌విదేక్, జర్మన్లకు నోయ్‌జాత్స్. రియెకా అంటే నది, ఇటాలియన్లు దాన్నే ఫ్యూమె అన్నారు, అదీ నదే. పేర్ల అర్థం ఒకటే అయినా ఊరు ఎవరిదన్నదాని మీద మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఇటలీ, యుగోస్లావియా గొడవపడ్డాయి.

టిటో పేరుతో ఉన్న ఊళ్లు ఏమయ్యాయి?

యుగోస్లావియాను ఏలిన కమ్యూనిస్టు నాయకుడు టిటో. ఆయన పేరున్న ఊళ్లన్నీ పాత పేర్లకు వెళ్లిపోయాయి. పోద్గోరిత్స 1946 నుంచి 1992 దాకా టిటోగ్రాద్. 1980లో టిటో చనిపోయాక ఆరు రిపబ్లిక్‌లలో, రెండు స్వయంపాలిత ప్రాంతాల్లో ఒక్కొక్క ఊరు చొప్పున ఆయన పేరు ఉండాలని నిర్ణయించారు. అలా టిటోవో ఉజిత్సె, టిటోవ్ ద్ర్వార్, టిటోవా కోరెనిత్స వంటివి మొత్తం ఎనిమిది ఉండేవి. దేశంతో పాటే పోయాయి.

క్రాల్యెవోది తమాషా ప్రయాణం. అసలు పేరు కరానొవత్స్. 1882లో సెర్బియా రాజ్యమైనప్పుడు రాజుగారి ఊరైంది. 1949లో కమ్యూనిస్టు నాయకుడు రాంకోవిచ్ పేరు పెట్టారు, 1955లో మళ్లీ రాజుగారికే వచ్చింది. వెనక్కి వెళ్లనిది జ్రెన్యానిన్. 1935 దాకా బెచ్కెరెక్, ఆ తరువాత రాజు పీటర్ పేరుతో పెత్రోవ్‌గ్రాద్. 1946 నుంచి, రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన పార్టిజన్ (గెరిల్లా) నాయకుడు జార్కో జ్రెన్యానిన్ పేరు.

1990ల యుద్ధంలో పేర్లు ఎందుకు మార్చారు?

మనుషుల్ని తరిమేశాక వాళ్ల గుర్తులు కూడా మిగలకూడదని. బోస్నియాలో సెర్బ్ సైన్యాల చేతిలోకి వచ్చిన ఫోచాను స్ర్బిన్యె అన్నారు, అంటే సెర్బులది అని. చాలా ఊళ్ల ముందున్న 'బోసాన్స్కి' (బోస్నియా) అనే మాట తీసేశారు, కొన్నిటికి 'స్ర్ప్స్కి' (సెర్బియన్) తగిలించారు. 2004లో బోస్నియా రాజ్యాంగ న్యాయస్థానం ఆ మార్పులు చెల్లవని తీర్పిచ్చింది. ఫోచా మళ్లీ ఫోచా అయింది.

స్రెబ్రెనిత్స పేరు ఎవరూ మార్చలేదు. స్రెబ్రో అంటే వెండి, రోమన్ల కాలం నుంచీ అక్కడ వెండి గనులున్నాయి. 1995 జూలైలో అక్కడ ఎనిమిది వేల మందికి పైగా బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) పురుషుల్నీ అబ్బాయిల్నీ చంపారు. ఇప్పుడు ఆ పేరు వింటే ఎవరికీ వెండి గుర్తు రాదు.

మ్యాప్‌లో కొత్త పేరు కనిపిస్తే అర్థం సొంతంగా పట్టుకోవచ్చా?

చాలావరకు పట్టుకోవచ్చు. నోవి కొత్త (మన 'నవ' కూడా ఆ కుటుంబమే), స్తారి పాత, వెలికి పెద్ద, మాలి చిన్న, గోర్న్యి పై, దోన్యి కింది. బెలి, బియెలి అంటే తెలుపు, త్స్‌ర్ని నలుపు. పోల్యె మైదానం, వోదా నీళ్లు, సెలో పల్లె, త్స్ర్క్వా చర్చి. ముందు వచ్చే పోద్ 'కింద', జా 'వెనక', ప్రి 'పక్కన'. అప్పుడు జగోర్యె అంటే కొండ వెనక నేల, ప్రిమోర్యె అంటే సముద్రం పక్క నేల అని మీకే తెలిసిపోతుంది.

పెద్ద నదుల పేర్లతోనూ, తీరపు పేర్లతోనూ, కొన్ని పాత నగరాల పేర్లతోనూ మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. సావా, ద్రావా నదుల పేర్లూ, సెర్బియాలోని నిష్ నగరం పేరూ స్లావుల కన్నా ముందటివి. నిష్ రోమన్ల నైస్సుస్, రోమన్ చక్రవర్తి మొదటి కాన్‌స్టాంటిన్ పుట్టిన ఊరు. అలాంటి చోట ఇప్పటి రూపాన్ని విడగొట్టకుండా, దొరికినంతలో అన్నిటికన్నా పాత రాతలో ఆ పేరు ఎలా ఉందో ముందు చూడండి.